పోతుచెట్టు, ఖాళీ బుట్ట

మొన్న మా అమ్మాయికి కాన్పయింది. తల్లినీ బిడ్డనూ అల్ ఖోబర్ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజే నేను బాలింతకు పెట్టే కాయం చెయ్యడానికి పూనుకున్నాను. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము అన్నీ ఇక్కడి కొట్లలో దొరికాయి. బెల్లం దగ్గరే పేచీ. పచ్చగా మెరిసే బెల్లం కాయానికి పనికిరాదు, తాటిబెల్లమే కావాలి. శుక్రవారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఆడవాళ్ళం కూడి ఖురాన్ సూరాలు చదువుకుంటాం. ఆ కూటానికి వచ్చే ఒకామె సెలవు నుంచి తిరిగొస్తూ కొన్ని తాటిబెల్లం అచ్చులు కాగితంలో చుట్టి పెట్టెలో వేసుకొచ్చింది. అల్లాహ్ ఆమె చేతిని చల్లగా ఉంచాలి. అచ్చు పగలగొట్టి, నీళ్ళు చిలకరించి, బాణలి పొయ్యి మీద పెట్టాను. అది కరిగి పొంగు పడుతున్నప్పుడు వచ్చిన వాసనకు నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"అమ్మా, మాడుతోంది!" అని లోపలి గదిలోంచి మా అమ్మాయి కేక వేసేదాకా నేను ఆ వంటింట్లో లేను.

ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో, సముద్రానికి కాస్త లోపలగా, ఒక తోటల ఊరు ఉండేది. నా బాల్యం అక్కడే గడిచింది. ఇప్పుడు ఆ ఊరి పేరు రోడ్డు మలుపు దగ్గర పచ్చ బోర్డు మీద మాత్రం ఉంది.

ఆ ఊళ్ళో రెండు పెద్ద తోటలు. తోట అనగానే మన మామిడితోట గుర్తు తెచ్చుకోకూడదు. ఒక్కొక్కటీ ఒక ఎస్టేటు. మనిషి ఎత్తుకు మించిన మట్టి ప్రహరీ, లోపల కనుచూపు ఆనేదాకా ఖర్జూర చెట్లు, వాటి నీడలో నిమ్మ, దానిమ్మ, ఆ నీడలో మళ్ళీ జొన్నగడ్డి, ఆకుకూరలు. బయట ఇసుక కాలిపోతుంటే లోపల తడిమట్టి వాసన. మేమున్న తోట నడుమ దొరగారి ఇల్లు. గోడలు సముద్రంలోంచి తీసిన పగడపు రాతివి, కప్పుకు వేసిన దూలాలు మన మలబారు టేకువి. ఆ ఇంటి పెద్దాయన తండ్రి కాలంలో ఖర్జూరాలు పడవలకెక్కి బొంబాయి పోయేవట. అవే పడవలు బియ్యం, బట్ట, దూలాలు వేసుకుని వచ్చేవట. అందుకే పెద్దాయనకు కాస్త వచ్చీరాని హిందీ వచ్చు. మా నాయనను చూసినప్పుడల్లా తల పైకెత్తి కప్పు చూపించి, "మీ దేశం మా ఇంటిని మోస్తోంది, జాగ్రత్త, దింపెయ్యొద్దు!" అని నవ్వేవాడు.

రెండు తోటలూ ఒకప్పుడు ఒకటే. అన్నదమ్ములు పంచుకున్నారు. మా కాలానికి ఇటు పెద్దాయన, అటు ఆయన చిన్నాన్న కొడుకు. ఇద్దరికీ గడ్డాలు నెరిసిపోయాయి. తోటల నడుమ ఒక నీటి ఊట ఉండేది. గోడకు కొట్టిన మేకు నీడను బట్టి కాసేపు ఇటు, కాసేపు అటు నీళ్ళు వదిలేవాళ్ళు. తాతల నాటి నుంచి అదే వంతు. నేలలో చమురు బయటపడ్డాక కూలీల కొడుకులు కంపెనీ బస్సులెక్కి రాస్ తనూరా వైపు పోయారు, ఊట కూడా ఏటేటా లోపలికి దిగిపోయింది. అప్పుడు పెద్దాయన తన వైపు బోరు వేయించి మోటారు పెట్టించాడు. మోటారు తిరిగిన కొన్నాళ్ళకే ఊటలో మిగిలిన ఆ కాస్త నీరూ ఎండింది. అవతలి తోట కాలువ వట్టిపోయింది. చిన్నాన్న కొడుకు సొంతంగా బోరు వేసుకున్నాడు గానీ అందులో ఉప్పునీళ్ళు పడ్డాయి.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

మసీదులో ఒకే వరుసలో నిలబడేవాళ్ళు, మధ్యలో ఇద్దరు ముగ్గురిని పెట్టుకుని. నమాజు చివర కుడివైపూ ఎడమవైపూ తల తిప్పి సలాం చెప్తాం కదా, వాళ్ళ మధ్య ఆ సలాం ఒక్కటే మిగిలింది. "అది కూడా మానేసేవాళ్ళే, నమాజు చెడతాదని చెప్తాండారు" అనేవారు నాయన, బాధగా. మూడు రోజులకు మించి మాట మానడం మనవాళ్ళకు తగదని ఆయన నాకు నేర్పుతున్న కాలం అది. వీళ్ళకేమో ఏళ్ళు గడిచాయి.

నాయనకు ఆ బాధ ఎందుకంటే, ఆ మోటారును చూసుకునేది ఆయనే. రాయలసీమలో మదరసా చదువు చదివి, ఆ తర్వాత మోటార్ల పని నేర్చి, ఆ ఉద్యోగం మీదే ఇక్కడికి వచ్చారు. మోటారు షెడ్డు పక్కన రెండు గదులు మా ఇల్లు. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు కాగానే నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చోబెట్టి నాకు ఖురాన్ ఆయతులు చెప్పేవారు. ఒక్క అక్షరం పలకడం తప్పినా మళ్ళీ మొదటి నుంచి. డీజిలు వాసన, తడిసిన నాచు వాసన, నాయన గొంతు కలిస్తేనే నాకు తెల్లారినట్టు ఉండేది. చదువు అవగానే తొట్టిలో దూకేదాన్ని. పెద్దాయన మనవరాలు కూడా నాతో దూకేది. ఒకసారి పచ్చి ఖర్జూరం ముక్కలకు ఉప్పూ కారం అద్ది ఆ పిల్లకు పెట్టాను. అది నాలుక బయటపెట్టి తోటంతా పరుగెత్తింది. మా అమ్మ నా చెవి మెలిపెట్టింది గానీ, ఆ పిల్ల మర్నాడు వచ్చి అదే కారం ఇంకాస్త అడిగింది.

కాలువ గట్టున అమ్మ గోంగూర వేసింది. దాని పచ్చడి వాసనకు ఒంటరి కూలీలందరూ మా గుమ్మం ముందు ఏదో పని కల్పించుకునేవాళ్ళు. వాళ్ళలో పని కల్పించుకోకుండా తిన్నగా వచ్చేసేది ఒక్కడే. అతన్ని నేను మామ అనేదాన్ని. ప్రకాశం జిల్లా సముద్రం ఒడ్డు మనిషి. తరతరాలుగా తాళ్ళు గీసే ఇల్లు. అక్కడ గీత పని తగ్గిపోయి ఇక్కడ తోటపనికి వచ్చాడు. మోకు నడుముకు బిగించి ఖర్జూర చెట్టు ఎక్కుతుంటే మిగతా కూలీలు పని ఆపి చూసేవాళ్ళు. అతని దేవుడి పటం ట్రంకు మూత లోపల అంటించి ఉండేది. నాయనకు తెలుసు, ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నాయన చదివేటప్పుడు మామ బీడీ ఆర్పేసి దూరంగా కూర్చునేవాడు.

ఆ చలికాలం నాకు తమ్ముడు పుట్టాడు. ఇంట్లో పెద్ద దిక్కు లేదు, మా నాయనమ్మ, జేజి, ఊరి నుంచి రాలేదు. అమ్మ పొట్లాలు విప్పి చూసుకుని మంచం మీద కూలబడింది.

"శొంఠి ఉండాది, పిప్పళ్ళు ఉండాయి. తాటిబెల్లం లేకుండా కాయమెట్ల చేసుకునేది?" అంది.

గుమ్మంలో ఉన్న మామ నవ్వాడు. "ఏందక్కా, చుట్టూ ఇన్ని చెట్లు పెట్టుకుని బెల్లం లేదంటావు? మన ఈతచెట్టుకు ఇది అక్క అవుద్ది. గీస్తే నీరు కారదా? కాస్తే బెల్లం కాదా?"

"నోరు ముయ్యి, ఈ దేశంలో కల్లు గీస్తే తల తీస్తారు."

"కల్లు కాదక్కా, తియ్యటి నీరు. లొట్టి లోపల సున్నం పూస్తే ఎండెక్కేదాకా పులవమన్నా పులవదు. నా పెళ్ళాం కాన్పుకు కూడా నేనే కాసి పెట్టా."

నాయన కల్పించుకున్నారు. "పొద్దు పొడవకముందే దించాల. ఒక్క ఘడియ నిలవ పెట్టినా నేనొప్పుకోను. నిలవ పెడితే అది వేరే వస్తువు, అది మనకు హరాం. అర్బాబ్‌కు కూడా చెప్పల్ల" అన్నారు. అర్బాబ్ అంటే యజమాని, పెద్దాయన. ఆయన ఆ వారం ఉమ్రాకు మక్కా వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చిన రోజే మోటారు చెడింది, దాని గొడవలో నాయన ఆ మాట మరిచిపోయారు.

మామ తోట చివర, ప్రహరీ పక్కన, గెలలు వెయ్యని చెట్టొకటి చూసుకున్నాడు. ఒకవైపు ఆకులు నరికి, వాటి మొదళ్ళు చెక్కి, మెత్తటి చోట కత్తితో పలచగా గీసి, రెల్లుముక్క గుచ్చి, కింద సున్నం పూసిన మట్టికూజా కట్టాడు. తెల్లవారుజామున దించి తెచ్చేవాడు. రెల్లుగొట్టం ముంచి ఒక గుక్క నేను లాగేదాన్ని. చల్లగా, కాస్త పొగ వాసనతో, కొబ్బరినీళ్ళకు తేనె కలిపినట్టు ఉండేది. అమ్మ వెడల్పు తపేలాలో పోసి కాస్తే, పొంగి, చిక్కబడి, మధ్యాహ్నానికి ముదురు రంగు బెల్లం. కాయం తిని అమ్మ ముఖంలో రక్తం కనబడింది. తమ్ముడు కడుపునిండా పాలు తాగి నిద్రపోయేవాడు.

ఒక ఉదయం, చెట్టు దగ్గరికి పోదామని మోకు తీస్తున్న మామను గొర్రెల దాణా లారీ దింపడానికి పిలుచుకుపోయారు. లారీ వెనక ఇంకో లారీ వచ్చింది. కూజా చెట్టు మీదే ఉండిపోయింది. మధ్యాహ్నం పెద్దాయన పెద్దకొడుకు తోట చివరికి ఎందుకో వెళ్ళాడు. కంపెనీ ఆఫీసులో పనిచేసే మనిషి, చెట్ల మధ్య ఎప్పుడో గానీ కనబడడు. కందిరీగలు ముసురుకుంటుంటే తల ఎత్తి చూశాడట. ఎండకు పొంగిన నురగ కూజా అంచు నుంచి బోదె మీదుగా కారుతోందట.

కూజా పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చాడు. పులిసిన వాసన గుప్పున కొట్టింది.

"ఇది మద్యం! మా తాతల తోటలో మద్యం కాస్తారా మీరు? ఇప్పుడే పోలీసుకు ఫోన్ చేస్తాను. వీడికి జైలు, ఆపైన ఎగ్జిట్!" అని అరిచాడు.

మామకు అరబ్బీ రాదు. ఫోన్, పోలీసు, దేశం నుంచి పంపెయ్యడమనే ఎగ్జిట్, ఈ మూడు మాటలూ అర్థమయ్యాయి. చేతులు జోడించి నిలబడ్డాడు. లోపల అమ్మ బిడ్డను గుండెకు అదుముకుని, "నా కోసం చేసినాడు, నా కోసం చేసినాడని చెప్పు!" అని తలుపు సందులోంచి నాయనతో అంటోంది.

అరుపులకు పెద్దాయన కర్ర ఊతంగా వచ్చాడు. కూజా తీసుకుని వాసన చూశాడు. ఇసుకలో ఒలకబోశాడు. నాయన వైపు తిరిగాడు.

నాయన దాచలేదు. ఇంట్లో బాలింత ఉందని, బెల్లం కోసమని, రోజూ చీకటితోనే దించేవాళ్ళమని, ఇవాళ లారీ వల్ల ఆలస్యమైందని చెప్పారు. "మిమ్మల్ని అడగలేదు. అది నా తప్పు, అతనిది కాదు" అన్నారు.

"అబద్ధం" అన్నాడు కొడుకు.

పెద్దాయన మామ ముఖంలోకి చూసి, తన విరిగిన హిందీలో అన్నాడు, "రేపు ఫజ్ర్ తర్వాత వస్తాను. రోజూ ఏం చేస్తావో నా ముందు చెయ్యి." కొడుకు వైపు తిరిగి, "అప్పటిదాకా ఫోన్ ముట్టుకోకు. అనుమానం మీద మనిషిని పట్టుకోవడం మనకు లేదు."

ఆ సాయంత్రం మామ సున్నం పూసిన కూజా మళ్ళీ చెట్టుకు కట్టి వచ్చాడు గానీ అన్నం ముట్టలేదు. అమ్మ గోంగూర కలిపి ముద్ద చేతిలో పెట్టినా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"జైలంటే భయం లేదక్కా. ఇంటికి తోలేస్తే ఊళ్ళో ఏమని చెప్పాలి? సారా కాసి తన్నులు తిని వచ్చాడంటారు. నా ఆడది నమ్మదులే. నా కూతుర్ని బళ్ళో పిల్లకాయలు అంటారే, దానికేం చెప్పను?"

"తిను తమ్ముడూ. నిజం చెప్పినాం గదా. నిజానికి అల్లాహ్ ఉండాడు" అంది అమ్మ. అంది గానీ ఆమె కళ్ళు కూడా తలుపు వైపే ఉన్నాయి.

మర్నాడు పెద్దాయన మసీదు నుంచి తిన్నగా తోట చివరికి వచ్చాడు. పొగమంచు. చెట్ల తలలు కనబడటం లేదు. వెనక కొడుకు, పక్కన నాయన, నాయన చెయ్యి పట్టుకుని నేను. మామ చెట్టెక్కాడు, మంచులో కలిసిపోయాడు. మోకు రాపిడి చప్పుడు మాత్రం వినబడుతోంది. కూజా దించి, మూత గుడ్డ తీసి, రెండు చేతులతో అందించాడు.

పెద్దాయన వాసన చూశాడు. బిస్మిల్లాహ్ అని ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. కూజా కొడుకుకు ఇచ్చాడు. కొడుకు తాగలేదు, వేలు ముంచి నాలుకకు రాసుకుని తల దించుకున్నాడు.

అక్కడే మూడు రాళ్ళు పెట్టి మామ మంట వేశాడు. నీరు కాగింది, పొంగింది, చిక్కబడింది. పెద్దాయన ఇసుక మీద కూర్చుని కదలకుండా చూశాడు. గరిటె అంచున గట్టిపడిన ముక్కను నోట్లో వేసుకుని, "సుబహానల్లాహ్! ఇది మా దిబ్స్‌కు తమ్ముడే!" అన్నాడు. దిబ్స్ అంటే వాళ్ళు ఖర్జూరాల నుంచి తీసే పాకం. "పండు నుంచి మేము తీస్తే, చెట్టు ఒంట్లోంచి మీరు తీస్తారా! షేక్, నీ భార్యకు చెప్పు, నా ఇంటికీ ఒక ముక్క పంపమను." చదువుకున్న మనిషని నాయనను ఆయన షేక్ అనేవాడు. నాయన నవ్వారు. మామకు నవ్వొచ్చింది. నేను చప్పట్లు కొట్టాను.

అప్పటికి పొగమంచు విడిపోతోంది. పెద్దాయన లేవబోతూ చెట్టు మీద చెయ్యి వేశాడు. బోదెను తడిమాడు. తల ఎత్తి చూశాడు. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఈ చెట్టా?" అన్నాడు నెమ్మదిగా. "ఇన్ని చెట్లుండగా ఈ చెట్టా?"

అది పోతుచెట్టు, అంటే మగచెట్టు. తోట మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క పోతుచెట్టు. రెండోది అంతకుముందు ఏడు గాలికి పడిపోయింది. కొన్ని వారాల్లో దాని ఆకుల మొదళ్ళలోంచి చెక్కదొప్పల్లాంటి మొగ్గలు పగలాలి. వాటి పుప్పొడి తీసి, తోటలో ప్రతి ఆడచెట్టు గెలలోనూ చేత్తో పెట్టి కట్టాలి. గాలి చేస్తుందిలే అని వదిలేస్తే కాయలు గింజ లేకుండా, గొర్రెలు కూడా ముట్టని పొల్లుగా పోతాయి. మామ చెక్కేసింది సరిగ్గా ఆ మొగ్గలు వచ్చే చోటు. రెండో వైపు మొగ్గలు కూడా నీరు లాగెయ్యడంతో ముడుచుకుపోయాయి.

నాయన ఇదంతా తెలుగులో చెబుతుంటే మామ నేల మీద కూర్చుండిపోయాడు.

"అన్నా, మా ఊళ్ళో పోతుతాడే గీస్తాం. పెంటితాడి కాయలకు వదిలేస్తాం. ఆడచెట్టును ముట్టుకుంటే పండు పోద్దని, కాయని చెట్టని, ఎంతో చూసి చూసి దీన్ని గీశా. అడవి ఈతకు ఎవురు కట్టారన్నా పుప్పొడి? ఎవురూ కట్టరే!"

తాటాకులు, ఈతాకుల మధ్య పుట్టి పెరిగిన మనిషి చేయగలిగిన తప్పు అది. తెలియనివాడైతే ఏదో ఒక చెట్టు గీసేవాడు. తెలిసినవాడు కాబట్టే దాన్ని ఎంచాడు.

"ఇప్పటికైనా పంపించెయ్యండి వీణ్ణి" అన్నాడు కొడుకు. "పుప్పొడి బజారుకెళ్ళి సూక్‌లో కొనుక్కుందాం."

"సూక్‌లో దొరికేది ఏ చెట్టుదో ఎవడికి తెలుసు? పోతు మారితే పండు మారుతుంది" అన్నాడు పెద్దాయన. ప్రహరీ వైపు తిరిగాడు. ప్రహరీ అవతల, అన్నదమ్ములు పంచుకోకముందు ఒకే తల్లిచెట్టు నుంచి తీసి నాటిన పిలకలు, పోతుచెట్లు, వరుసగా నిలబడి ఉన్నాయి.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉండేది. పుప్పొడి కోసం వచ్చేవాడు నోటితో అడగడు. ఖర్జూరాకు బుట్ట ఖాళీగా చేతికి తగిలించుకుని వచ్చి వాకిట్లో నిలబడతాడు. ఇవ్వదలచిన వాడు బుట్ట నింపుతాడు, ఇష్టం లేనివాడు దాన్ని బోర్లించి చేతికిస్తాడు. రెండింటికీ మాట అక్కర్లేదు.

మొగ్గలు పగిలే వారం వచ్చేదాకా పెద్దాయన ఏమీ అనలేదు. మామ ఆ రోజులన్నీ బట్టలు ట్రంకులో సర్ది పెట్టుకునే ఉన్నాడు. ఒక సాయంత్రం అసర్ నమాజు వేళ పెద్దాయన తనే బుట్ట అల్లించుకుని, తనే చేతికి తగిలించుకుని బయల్దేరాడు. "నేను తెస్తాను నాన్నా, మీరెందుకు?" అని కొడుకు అడ్డం పడితే, "నీ చేతిలో బుట్ట చూస్తే బోర్లిస్తాడు. నా చేతిలో చూస్తే ఏం చేస్తాడో చూద్దాం" అన్నాడు. నాయననూ మామనూ రమ్మన్నాడు. నేను ఎవరూ పిలవకుండానే వెంటపడ్డాను.

అవతలి తోట వాకిలి ఎన్నేళ్ళుగానో మేము దాటలేదు. లోపల ఆకుల అంచులు ఎర్రబడి ఉన్నాయి, ఉప్పునీటికి. చిన్నాన్న కొడుకు అరుగు మీద గహ్వా, వాళ్ళ కాఫీ, తాగుతున్నాడు. యాలకుల వాసన వాకిలి దాకా వస్తోంది. పెద్దాయన గుమ్మం ముందు నిలబడి, బుట్ట ఉన్న చెయ్యి కాస్త ముందుకు చాపాడు. అంతే.

అవతలి ఆయన కప్పు దింపాడు. బుట్టను చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ బుట్టను చూశాడు. మామ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నాడో.

"ఏం? నీ మోటారు పూలు పుయ్యడం లేదా?" అన్నాడు అవతలి ఆయన.

అన్నేళ్ళకు నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. పెద్దాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అవతలి ఆయన లేచి వచ్చి బుట్ట లాక్కున్నాడు. లోపలికి పోయాడు. తిరిగొచ్చేసరికి అది నిండి, అంచుల నుంచి తెల్లటి పూల కుచ్చులు వేలాడుతున్నాయి. పచ్చి పిండి వాసన. పొడి ఆయన గడ్డం మీద, భుజాల మీద రాలి ఉంది. "కూర్చో. గహ్వా చల్లారిపోతోంది" అన్నాడు.

కూర్చున్నాక జరిగిందంతా నాయన చెప్పారు. మామ పోతుతాడి సంగతి విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "కాయని చెట్టు పనికిరాదనుకున్నాడా! మరి మన ఇద్దర్నీ ఎందుకు గియ్యలేదు?" అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ నెలంతా మామ చెట్ల మీదే ఉన్నాడు. ఒక్కో గెల విప్పి, కుచ్చు పెట్టి, ఆకు చీలికతో కట్టి దిగేవాడు. మొదట మా తోట, తర్వాత చెప్పకుండానే అవతలి తోట. ట్రంకు బట్టలు మళ్ళీ దండెం మీదికి వచ్చాయి. ఎగ్జిట్ మాట ఎత్తిన కొడుకుకు పెద్దాయన ఒకటే చెప్పాడు, "చెట్లు ఎక్కేవాణ్ణి పంపించి, నువ్వెక్కుతావా?"

ఆ తర్వాతి శుక్రవారం, జుమా రోజు, నాయనను పిలిచి పాత ఊట దగ్గర అడ్డుకట్ట తెంచమన్నాడు. అవతలి తోట కాలువలోకి మా మోటారు నీళ్ళు వదలమన్నాడు, తాతల నాటి వంతు ప్రకారమే. మామ పార పట్టుకుని కాలువ వెంట నడిచాడు. ఏళ్ళ నాటి ఎండుటాకులను తోసుకుంటూ నీళ్ళు మెల్లగా, ఆగి ఆగి, చివరి చెట్టు దాకా పోయాయి. ఆ రోజు మసీదులో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారని నాయన ఇంటికొచ్చి చెప్పారు. మదరసాలో చదివినదంతా ఆ రోజు కళ్ళతో చూశానని అమ్మతో అన్నారు. ఆ ఏడు మా తోట పండు కొన్ని రోజుల ముందే రంగు తిరిగింది. "పక్క తోట పోతు కదా, దూకుడెక్కువ" అని పెద్దాయన వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. గాయపడ్డ చెట్టు కూడా చావలేదు. ఒకటి రెండేళ్ళకు మళ్ళీ పూసింది.

ఇప్పుడు రెండు తోటలూ లేవు. పెద్దాయన తర్వాత కొడుకులు పంచుకున్నారు, పంచుకున్నవి అమ్ముకున్నారు. పగడపు రాళ్ళ ఇల్లు కూలిన రోజు టేకు దూలాలను ఎవరో లారీలో వేసుకుపోయారట. ఊట ఉన్న చోట కార్లు కడిగే షెడ్డు ఉంది. ఆ మధ్య కారులో అటు పోతూ నా మనవడికి చూపించబోయి, ఏది ఎక్కడ ఉండేదో నాకే తెలియక ఊరుకున్నాను. ఊరి శ్మశానం గోడ మాత్రం అలాగే ఉంది. అది చూడగానే గుర్తొచ్చేది పెద్దాయన పోయిన రోజే.

అప్పటికి నేను కాస్త పెద్దదాన్నయ్యాను. ఆ పొద్దున ఏడుపుల మధ్యే కొడుకు మామను పక్కకు పిలిచి, సంతాపం రోజులు కాగానే నీ కాగితాలు తేల్చి ఇంటికి పంపేస్తాను, సర్దుకో అన్నాడు. మామ ఎవరికీ చెప్పలేదు, అమ్మకు తప్ప. జనాజా నమాజు అయింది. మగవాళ్ళు లోపలికి వెళ్ళారు. ఆడవాళ్ళం కనుక అమ్మా నేనూ గోడ బయట ఆగాం. మన ధర్మం వాడు కాదు కనుక మామా బయటే ఆగాడు. లోపల పారల చప్పుడు, ఆపైన అందరూ పిడికిళ్ళతో మట్టి వేస్తున్న మెత్తటి చప్పుడు వినబడుతోంది. "నేను కూడా ఒక పిడికెడు వేద్దును గదక్కా" అన్నాడు మామ. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జనం బయటికి వచ్చారు. అందరికంటే చివర అవతలి తోట ఆయన, మోకాళ్ళ దాకా మట్టితో, నడవలేక నడుస్తూ వచ్చాడు. తిన్నగా మామ ముందు ఆగాడు.

"నీ కఫీల్ ఇక నేను. ఇప్పుడు మట్టిలో పెట్టొచ్చినవాడు పోయిన వారమే నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇఖామా మార్పిస్తాను, నా తోటకు వచ్చెయ్" అన్నాడు.

కఫీల్ అంటే ఇక్కడ ఉండనిచ్చే పూచీదారు, ఇఖామా అంటే ఆ ఉండడానికి ఇచ్చే కాగితం. ఆ మాట అర్థమై మామ మన అలవాటు కొద్దీ ఆయన కాళ్ళ మీద పడబోయాడు. ఆయన బెదిరి వెనక్కి జరిగాడు.

"తమ్ముడూ, అట్ల చేయగూడదు ఇక్కడ! లెయ్యి, లెయ్యి!" అంది అమ్మ.

మామ లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. అవతలి తోట ఆయన ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కాడు. ఆయన అరచేతులకు ఇంకా తడి ఆరని సమాధి మట్టి ఉంది. వదిలేసరికి అది మామ చేతులకు అంటి ఉంది.

గోడ ఇవతల నిలబడ్డ మా ముగ్గురిలో ఆ మట్టి దక్కింది మామ ఒక్కడికే.